కరాటే కిడ్: పిల్లలకు 1984 నాటిది చూపించాలా, 2010 నాటిదా?

ప్రశ్న (హనుమకొండ నుండి ఒక కరాటే శిక్షకుడు)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలో పదహారేళ్లుగా పిల్లలకు కరాటే నేర్పుతున్నాను. బతుకమ్మ సెలవులకు ముందు వచ్చే ఆదివారం పిల్లలందరినీ కూర్చోబెట్టి ‘కరాటే కిడ్’ చూపించాలని తల్లిదండ్రులతో కలిసి నిర్ణయించుకున్నాము. హాలు కుదిరింది, తెర కుదిరింది. ఏ చిత్రం వేయాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. 1984లో వచ్చిన మొదటి చిత్రం వేయాలా, 2010లో పిల్లలతో మళ్లీ తీసిన చిత్రం వేయాలా?

నా మనసు మొదటిదాని వైపే ఉంది. కరాటే గురువు మియాగీ పాత్రలో పాట్ మొరీటా నటనకు ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదని ఎన్నిసార్లు చూసినా అనిపిస్తుంది. కానీ మా తరగతిలో ఉన్నవాళ్లు తొమ్మిది నుండి పదమూడేళ్లవాళ్లు. ఆయన శిష్యుడు డేనియల్‌గా నటించిన రాల్ఫ్ మాచియోకు ఆ చిత్రం విడుదలైనప్పుడు ఇరవై రెండేళ్లు. తెర మీద హైస్కూలు విద్యార్థిగానే కనిపించినా, మా పిల్లల కంటికి అతడు అన్నయ్యే అవుతాడు తప్ప తోటివాడు కాడు. 2010 నాటి చిత్రంలో డ్రేగా నటించిన జేడెన్ స్మిత్‌కు అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు. పిల్లలు వెంటనే తమను తాము చూసుకునేది అతడిలోనే.

నాకు రెండు సందేహాలున్నాయి. 2010 నాటి చిత్రం పేరు కరాటే, అందులో గురువు హాన్‌గా జాకీ చాన్ నేర్పేది చైనా యుద్ధవిద్య కుంగ్‌ఫూ. ఈ రెండూ వేరని చెప్పడానికే నాకు ప్రతి ఏడాది మొదటి వారమంతా పడుతుంది. రెండోది, బీజింగ్ వీధుల్లో పన్నెండేళ్ల పిల్లలు ఇంకో పన్నెండేళ్ల పిల్లవాణ్ణి తరిమి తరిమి కొట్టే దృశ్యం నాకే కష్టంగా ఉంటుంది. మొదటి చిత్రంలోనూ దెబ్బలున్నాయి కానీ, వయసు వచ్చినవాళ్లు కొట్టుకుంటున్నట్లు ఉండడం వల్ల మనసు అంతగా కలుక్కుమనదు. మీరైతే ఏది చూపిస్తారు? ఎందుకో కూడా వివరంగా రాయగలరని మనవి.

జవాబు 1 (కాజీపేట నుండి ఒక తల్లి)

మాస్టర్ గారూ, నేను 2010 నాటి చిత్రమే చూపించమంటాను. కారణం కోటు.

ఆ చిత్రంలో డ్రే బడి నుండి రాగానే కోటు తీసి కింద పడేస్తాడు, తల్లి తీయమని రోజూ చెబుతూనే ఉంటుంది. గురువైన హాన్ అతడికి మొదట నేర్పేది కోటు మేకుకు తగిలించడం, తీసి తొడుక్కోవడం, విప్పి కింద పడేయడం, వంగి తీసి మళ్లీ తగిలించడం. రోజుల తరబడి ఇదే పని. చివరికి ఆ కదలికల్లోనే అడ్డుకోవడం, పట్టుకోవడం, కొట్టడం అన్నీ ఉన్నాయని పిల్లవాడికి అర్థమవుతుంది. తల్లికి చూపిన నిర్లక్ష్యం ఎక్కడ మొదలైందో గురువు విద్యను అక్కడి నుండే మొదలుపెట్టాడు. పన్నెండేళ్ల పిల్లవాడి కథలోనే ఇది కుదురుతుంది. పదిహేడేళ్లవాడికి తల్లి కోటు గురించి చెబితే అది వేరే కథ అయిపోతుంది.

మా అబ్బాయి ఈ చిత్రాన్ని పోయిన ఎండాకాలం సెలవుల్లో చూశాడు. మర్నాడు తరగతి నుండి వచ్చి, చెమటతో తడిసిన తెల్ల దుస్తులను తలుపు వెనుక కొక్కేనికి తగిలించి, పసుపు బెల్టును రెండు మడతలు పెట్టి దాని మీద వేశాడు. నేను ఏమీ అనలేదు, అంటే మానేస్తాడేమోనని. నెల రోజులకు పైగా అలాగే చేశాడు. మీరు భయపడే కొట్లాట దృశ్యం గురించి వాడు ఒక్కసారే మాట్లాడాడు. కొట్టినవాళ్ల గురువు వాళ్లకు ఎందుకలా నేర్పాడని అడిగాడు.

జవాబు 2 (కరీంనగర్ నుండి ఒక పాత సాధకుడు)

కాజీపేట అమ్మ గారు చెప్పిన కోటు మాట నాకు నచ్చింది. అయినా శిక్షణ పరంగా మొదటి చిత్రమే గట్టిదని నా అభిప్రాయం. మియాగీ చేయించే పనులు నాలుగు: కార్లకు మైనం పూసి తుడవడం, చెక్క నేలను సాండ్‌పేపర్‌తో రుద్దడం, కంచెకు రంగు వేయడం, ఇంటికి రంగు వేయడం. నాలుగింటికీ చేతి కదలిక వేరు. మైనం పూసేటప్పుడు చేయి గుండ్రంగా తిరుగుతుంది, నేల రుద్దేటప్పుడు కిందివైపు ఊడ్చినట్లు పోతుంది, కంచె దగ్గర మణికట్టు పైకీ కిందికీ ఆడుతుంది, ఇంటి గోడ దగ్గర పక్కలకు కదులుతుంది. పిల్లవాడు అలిసిపోయి కోపంతో తిరగబడిన సాయంత్రం, గురువు ఒక్కొక్క పని పేరు చెబుతూ గుద్దు విసిరితే, ఆ చేతులు వాటంతట అవే లేచి అడ్డుకుంటాయి. మనం తరగతిలో ఒక్కొక్క బ్లాక్‌ను, అంటే దెబ్బను అడ్డుకునే కదలికను, వందసార్లు ఎందుకు చేయిస్తామో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు కనబడలేదు. పేరిణి నృత్యం నేర్చుకునే పిల్లలు పాట మొదలుకాక ముందే మోకాళ్లు వంచి ఎంతసేపు నిలబడతారో చూసినవాళ్లకు ఈ మాట వెంటనే అందుతుంది.

ఇక పేరు సంగతి. మాస్టర్ గారూ, మీ మొదటి సందేహాన్నే పాఠంగా మార్చుకోవచ్చు. మియాగీ అన్న పేరు గోజూ ర్యూ అనే కరాటే శాఖను నెలకొల్పిన చోజున్ మియాగీ నుండి వచ్చింది. ఆయన 1888లో జపాన్ దీవి ఒకినావాలోని నాహాలో పుట్టారు. ఆయన గురువు కన్‌ర్యో హిగావొన్నా చైనాలోని ఫుజౌకు వెళ్లి అక్కడి యుద్ధవిద్యలు నేర్చుకుని వచ్చారు. మొదటి చిత్రానికి కథ రాసిన రాబర్ట్ మార్క్ కామెన్ కూడా గోజూ ర్యూ సాధకుడే. కరాటే అన్న మాటను ఒకప్పుడు ‘చైనా చేయి’ అనే అర్థం వచ్చే అక్షరాలతో రాసేవారు. ‘ఖాళీ చేయి’ అన్న అర్థంతో రాయడం 20వ శతాబ్దంలో స్థిరపడింది. అంటే బీజింగ్‌కు వెళ్లిన రీమేక్, తెలిసో తెలియకో, విద్య పుట్టింటి వైపే నడిచింది. చైనాలో ఆ చిత్రాన్ని కరాటే పేరుతో కాకుండా ‘కుంగ్‌ఫూ కల’ అనే అర్థం వచ్చే పేరుతో విడుదల చేశారు. ఆ సంగతి పిల్లలకు చెబితే తేడా వాళ్లకే తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట. గురువు దుఃఖం విషయంలో రెండు చిత్రాలు విడిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మియాగీ అమెరికా సైన్యంలో పోరాడుతుండగా, అదే దేశం జపాన్ సంతతివారిని బంధించిన శిబిరంలో ఆయన భార్య, పురిటిబిడ్డ చనిపోతారు. అది చరిత్ర పెట్టిన గాయం, పదేళ్ల పిల్లలకు వివరించి చెప్పాలి. హాన్ తన చేతిలో ప్రమాదానికి గురైన కారును ఏడాదంతా బాగుచేసి, భార్యాబిడ్డలు పోయిన రోజున మళ్లీ తానే పగలగొడతాడు. దీనికి వివరణ అక్కరలేదు. ఆ రాత్రి పిల్లవాడే కర్రలు తెచ్చి గురువును లేపుతాడు. ఈ ఒక్కచోట రీమేక్ మొదటిదాన్ని మించిందని ఒప్పుకోవాలి.

ప్రశ్న అడిగినవారి మాట

చోజున్ మియాగీ గారి పేరు నేను రోజూ తలుచుకుంటాను కానీ, దాన్ని ఈ రీమేక్‌తో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు, కృతజ్ఞతలు. మరి చివరి పోటీ మాటేమిటి? రెండు చిత్రాల్లోనూ కాలు దెబ్బతిన్న పిల్లవాడు ముఖం మీద తన్ని గెలుస్తాడు. మర్నాడు మా గ్రౌండులో అందరూ ఒంటికాలి మీద నిలబడి ఎగురుతారని నాకు బెంగగా ఉంది.

జవాబు 3 (నిజామాబాద్ నుండి ఒక శిక్షకురాలు)

ఎగరనివ్వండి సార్, తర్వాత నియమం చెప్పండి. పోటీ కరాటేలో ముఖం మీదికి వెళ్లే దెబ్బ అదుపులో ఆగాలి, పిల్లల విభాగాల్లో ఆ విషయంలో ఇంకా కఠినంగా ఉంటారు. తెర మీద కప్పు తెచ్చిన తన్ను మన మ్యాట్ మీద హెచ్చరిక తెస్తుందని చెబితే చాలు.

నేను అడగదలచింది వేరు. మీ తరగతిలో ఆడపిల్లలు ఎంతమంది? మా దగ్గర సగానికి పైగా వాళ్లే ఉన్నారు. నిఖత్ జరీన్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయిన తర్వాత మా ఊళ్లో ఆడపిల్లను గ్లవ్స్‌తో చూసి ఎవరూ ఆశ్చర్యపోవడం లేదు. కానీ ఈ రెండు చిత్రాల్లోనూ అమ్మాయి పని ప్రోత్సహించడం వరకే. 1994లో హిలరీ స్వాంక్‌తో ఇదే వరుసలో ఒక చిత్రం వచ్చింది, అందులో మియాగీ ఒక అమ్మాయికి నేర్పుతాడు. చిత్రంగా అంత బలమైనది కాదు.

అయినా నేను 2010 దానికే ఓటు వేస్తాను. అందులో చైనాలోని వుడాంగ్ కొండల మీద ఒక స్త్రీ పడగెత్తిన నాగుపాము ఎదుట నిలబడి ఉంటుంది. ఆమె పామును అనుకరిస్తోందని డ్రే అనుకుంటాడు. నిజానికి పామే ఆమెను అనుకరిస్తోందని హాన్ చెబుతాడు. చివరి పోటీలో డ్రేను గెలిపించిన విద్య ఆ స్త్రీ దగ్గర చూసిందే. పెద్దవాళ్లు కూడా దీన్ని గమనించకుండా దాటిపోతారు. ఆ దృశ్యం దగ్గర చిత్రాన్ని ఒక్క నిమిషం ఆపి, ఆ విద్య ఎవరిదో మీ ఆడపిల్లలను అడగండి.

ప్రశ్న అడిగినవారి మాట

మా తరగతిలో ముప్పై నలుగురిలో పదమూడు మంది ఆడపిల్లలు. కొండ దృశ్యాన్ని నేను కూడా అలా చూడలేదని ఒప్పుకుంటున్నాను.

నిర్ణయం ఇది. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు 2010 నాటి చిత్రం వేస్తాము. అది రెండు గంటల ఇరవై నిమిషాలు ఉంటుంది కాబట్టి, కోటు పాఠం ముగిసిన చోట విరామం ఇచ్చి, 1984 చిత్రంలో మియాగీ గుద్దులు విసిరే ఆ సాయంత్రం దృశ్యాన్ని మాత్రం చూపిస్తాను. కరీంనగర్ సోదరులు చెప్పిన నాలుగు కదలికలను అక్కడే పిల్లలతో చేయిస్తాను. కొండ దృశ్యం దగ్గర చిత్రాన్ని తప్పకుండా ఆపుతాను. కాజీపేట అమ్మ గారూ, మీ అబ్బాయిని కూడా తీసుకొని రండి. హాలు గోడకు ముప్పై అయిదు కొక్కేలు కొట్టించమని వడ్రంగికి ఈ సాయంత్రమే చెప్పాను, ముప్పై అయిదోది మీవాడిదే.