కాణిపాకంలో ప్రమాణం చేసినా మా తమ్ముడు పందెం ఆట మానలేకపోతున్నాడు: మెదడులో ఏమి జరుగుతోంది?

చిత్తూరు అక్క:
నమస్కారం. మా తమ్ముడికి 29 ఏళ్లు, అలిపిరి దగ్గర టాక్సీ నడుపుతాడు. కొండకు సవారీ దొరికేదాకా గంటల తరబడి కాచుకుని ఉండవలసి వచ్చినప్పుడు కాలక్షేపానికని మొదలుపెట్టిన ఫోను రమ్మీ, రెండేళ్లలో కారు కంతులు కట్టలేని స్థితికి తెచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025లో కేంద్రం చట్టం చేశాక పాత యాప్ ఆగిపోయింది గానీ, ఎవరో పంపిన లింకు పట్టుకుని మరొక దానిలో చేరాడు. చివరికి కాణిపాకం కోనేట్లో స్నానం చేసి, తడి బట్టలతో స్వామి ఎదుట నిలబడి, ఇక ముట్టనని ప్రమాణం చేశాడు. 19 రోజులు నిలబడ్డాడు. ఇరవయ్యో రాత్రి ఏడుస్తూ నాకు ఫోన్ చేసి, "నేను ఆలోచించే లోపే వేలు పోయిందక్కా" అన్నాడు.

వాడికి దేవుడంటే భయం లేదని బంధువులు అంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. సారా, గంజాయి అయితే ఒంట్లోకి ఒక పదార్థం వెళ్తుంది కాబట్టి అర్థం చేసుకోగలను. లోపలికి ఏమీ వెళ్లకుండానే మెదడు ఎలా పట్టుబడుతుంది? ఆడుతున్నంతసేపూ వాడి ముఖంలో సంతోషం కూడా కనిపించదు.

తిరుపతి అధ్యాపకుడు (శరీరధర్మశాస్త్రం బోధిస్తాను):
అమ్మా, మీ చివరి మాట దగ్గరే అసలు విషయం ఉంది. కోరుకోవడం, ఆనందించడం మెదడులో ఒకే పని కావు. మిచిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ బృందం పరిశీలించిన ఎలుకల్లో, డోపమైన్ (మెదడు కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే రసాయనాల్లో ఒకటి) దాదాపు పూర్తిగా పోయినవి ఎదురుగా తిండి ఉన్నా దాని జోలికి వెళ్లలేదు; అయితే నోట్లో తీపి చుక్క వేస్తే మాత్రం ఎప్పటిలాగే ఇష్టంగా చప్పరించాయి. అంటే డోపమైన్ నడిపేది ప్రధానంగా కోరికను, రుచిని కాదు. మీ తమ్ముడిలో కోరిక పెరుగుతూ పోయి, ఆనందం వెనకబడిపోయి ఉండవచ్చు.

ఇక పదార్థం లేకుండా ఎలా అన్నారు. నాడీశాస్త్రవేత్త వోల్ఫ్రమ్ షుల్ట్స్ కోతులకు పండ్ల రసం ఇస్తూ, డోపమైన్ విడుదల చేసే మెదడు కణాలను గమనించారు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు ఉత్తేజితమయ్యాయి; రసానికి ముందు వచ్చే సంకేతం అలవాటయ్యాక రసానికి కాక ఆ సంకేతానికే ఉత్తేజితమయ్యాయి; సంకేతం వచ్చీ రసం రాకపోతే మౌనం వహించాయి. ఆయన బృందమే 2003లో మరొక సంగతి చూపింది: సంకేతానికీ రసానికీ మధ్య సాగే నిరీక్షణలో ఆ కణాల చురుకుదనం, రసం వచ్చే అవకాశం సరిగ్గా సగంసగం ఉన్నప్పుడే అత్యధికంగా ఉంది. వస్తుందో రాదో తెలియని ఆ స్థితినే పందెం ఆట అమ్ముతుంది. ఒక్క ముక్క తక్కువై ఓడిపోవడం కూడా అలాంటిదే కావచ్చు. జూదపు యంత్రాన్ని పోలిన ఆటలో కొద్దిలో తప్పిన గెలుపు, గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాలనే కొంతవరకు కదిలిస్తుందని 2009లో ల్యూక్ క్లార్క్ బృందం గుర్తించింది.

నా మటుకు నాకు అన్నిటికన్నా బలమైన ఆధారం పార్కిన్సన్స్ (మెదడులో డోపమైన్ తగ్గి చేతులు వణికే, కదలికలు మందగించే జబ్బు) రోగులది. ప్రమిపెక్సోల్ వంటి, డోపమైన్ గ్రాహకాలను (కణాల మీద డోపమైన్‌ను అందుకునే భాగాలను) ప్రేరేపించే మందులు వాడినవారిలో కొందరు, అంతకు ముందు ఏనాడూ పందెం కాయనివారు, జూదంలో పడిపోయారు. మందు తగ్గించాక లేదా ఆపాక చాలామందిలో ఆ తపన తగ్గింది. వారికి దైవభీతి మధ్యలో పోయి మళ్లీ వచ్చిందని ఎవరం అనలేము కదా.

వేలు దానంతటదే పోవడం కూడా అబద్ధం కాదు. పదేపదే చేసిన పని, ఫలితాన్ని తూచి చూసే వలయాల నుంచి అలవాటును నడిపే వలయాలకు, అంటే మెదడు లోతుల్లో ఉండే స్ట్రయేటమ్ అనే భాగంలో పైవైపుకు, క్రమంగా మారుతుంది. ప్రమాణం చేసింది నుదుటి వెనుక ఉన్న ఫ్రంటల్ భాగం సాయంతో. సవారీ లేని గంట, చేతిలో ఫోను అనే సంకేతాలు కదిలించేది దానికంటే వేగంగా పనిచేసే భాగాన్ని.

కొర్లగుంట నివాసి:
అక్కా, నేను ఆ గుంతలో నాలుగేళ్లు ఉండి వచ్చినవాడిని. రెండుసార్లు మాని రెండుసార్లు తిరిగి పడ్డాను. సార్ చెప్పిన శాస్త్రం అప్పుడు తెలియదు గానీ, మనసును కట్టేయడం కంటే దారిని మూసేయడం సులువని అనుభవంలో తెలిసింది. కీప్యాడ్ ఫోనుకు మారాను. నా దుకాణంలో క్యూఆర్ కోడ్ మా ఆవిడ ఖాతాకు మార్చాం. పాత బాకీల లెక్క మొత్తం ఆమె ముందు పెట్టిన రోజు అన్నిటికన్నా కష్టంగా గడిచింది, కానీ పోగొట్టుకున్నది తిరిగి రాబట్టాలన్న తపన ఆ రోజే సగం దిగింది. తిరిగి పడినందుకు ప్రమాణం వృథా అయిందని మాత్రం తమ్ముడితో అనకండి. 19 రోజులు ఉండగలిగినవాడు ఇరవై ఒకటో రోజు నుంచి మళ్లీ ఉండగలడు.

మానసిక వైద్య విద్యార్థిని:
పై వివరణకు ఒక చిన్న హద్దు చెప్పాలి. మద్యం, కొకైన్ వ్యసనాల్లో డి2 అనే రకం డోపమైన్ గ్రాహకాలు తక్కువగా ఉన్నట్టు అనేక అధ్యయనాల్లో కనిపించింది గానీ, జూదంలో ఆ తేడా అంత నిలకడగా కనిపించలేదు. కాబట్టి రెండూ అచ్చంగా ఒకటేనని అనకూడదు. అయినా పోలికలు బలంగా ఉన్నందునే అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తన రోగనిర్ధారణ గ్రంథంలో జూదవ్యసనాన్ని మాదకద్రవ్య వ్యసనాల అధ్యాయంలోకి తెచ్చింది. కొన్నాళ్లు ఫోను పక్కన పెడితే డోపమైన్ శుభ్రపడుతుందనే ప్రచారాన్ని నమ్మకండి. దూరంగా ఉండటం వల్ల తగ్గేది సంకేతాల తాకిడి. సంకేతాన్ని గుర్తించి ప్రతిస్పందనను మార్చే మానసిక చికిత్సకు మంచి ఆధారాలు ఉన్నాయి. తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించవచ్చు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అప్పుల భయంతో ప్రాణం తీసుకోవాలన్న మాట వాడి నోట ఒక్కసారి వచ్చినా ఆ రోజే తీసుకువెళ్లండి.

చిత్తూరు అక్క:
అందరికీ కృతజ్ఞతలు. కారులో అతికించిన కోడ్‌ను రేపు మా మరదలి ఖాతాకు మారుస్తున్నాం. సోమవారం రుయాకు నేనే తోడు వస్తానంటే వాడు సరేనన్నాడు. ఒక్కటే మిగిలింది: అలిపిరిలో ఖాళీగా కూర్చునే గంటల్లో వాడు ఏం చేయాలి?

కొర్లగుంట నివాసి:
మొదటి నెల స్టాండులో కూర్చోనివ్వకండి అక్కా. రేణిగుంట విమానాశ్రయం సవారీలు ముందే మాట్లాడిపెట్టుకోమనండి, రాబడి కొంచెం తగ్గినా సరే. తోటి డ్రైవర్లలో అదే ఆట ఆడేవారు ఉంటారు, వారి పక్కన అసలు వద్దు.