మోషన్స్ ఆపే లోపెరమైడ్ రెండు గంటలకొకటా? చీటీలో తప్పు రాశారా?

ఆదోని_మందులషాపు:
కర్నూలులో కీమో ఎక్కించుకుని వచ్చే పెద్దపేగు క్యాన్సర్ వాళ్ళ చీటీల గురించి. ఫోల్ఫిరి, అంటే ఇరినోటెకాన్, 5-ఎఫ్‌యూ, ల్యూకోవొరిన్ మూడు మందులు కలిపిన కీమో. కార్డు మీద ఇట్లా ఉంటాది: మోషన్స్ మొదలైన వెంటనే లోపెరమైడ్ 2 ఎంజీ రెండు బిళ్ళలు, ఆ తర్వాత రెండు గంటలకొకటి, 12 గంటలు మోషన్ లేకుండా పోయేదాకా. మామూలుగా రోజుకు 8 బిళ్ళలు, అంటే 16 ఎంజీ దాటకూడదని కదా చదువుకున్నాం. ఈ లెక్కన మొదటి రోజే 13 అవుతాయి. ఇవ్వొచ్చా? జ్వరం కూడా ఉందంటే పారాసిటమాల్ కలిపి పంపొచ్చా? కాపెసిటబిన్ అనే కీమో బిళ్ళలు వాడేవాళ్ళకూ ఇదే లెక్కా?

డేకేర్_సిస్టర్:
జ్వరం మాట ముందు తేల్చుకుందామన్నా, బిళ్ళల లెక్క తర్వాత. కీమో పేషెంటుకు మోషన్స్‌తో పాటు 100.4 ఫారెన్‌హీట్ చూపిస్తే కౌంటర్ దగ్గర ఏమీ ఇవ్వొద్దు, నేరుగా ఆసుపత్రికి పంపాల. తెల్లకణాలు పడిపోయే రోజులూ, పేగు లోపలి పొర దెబ్బతినే రోజులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పేగులోని క్రిములు రక్తంలోకి దిగితే గంటల్లో బీపీ పడిపోతుంది. పారాసిటమాల్ ఇస్తే జ్వరం కనపడకుండా పోతుంది, క్రిములు మాత్రం అట్లే ఉంటాయి. అందుకే షాపులో ఒక థర్మామీటరు పెట్టుకోండి. కుడివైపు పొత్తికడుపులో నొప్పి అన్నా ఇదే దారి. ఎనిమా, సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందులు) జోలికి అసలు పోవద్దు.

జ్వరం లేదు, రక్తం లేదు అంటే ఆ చీటీ కరెక్టే. రాత్రి నిద్ర చెడకుండా నాలుగు గంటలకు రెండు బిళ్ళలు వేసుకోవచ్చు. ఒక్కటి గట్టిగా చెప్పండి: ఈ లెక్కలో 48 గంటలు దాటి వాడకూడదు. 24 గంటలైనా తగ్గకపోతే ఫోన్ చేయాల. కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోవడం లేదంటే బిళ్ళలు ఆపేసి బయల్దేరాల, పేగు కదలిక నిలిచిపోయి ఉండొచ్చు. మోషన్స్ రాకముందే ‘ముందుజాగ్రత్త’ అని మింగేవాళ్ళు ఉన్నారు, అది తప్పు.

క్లినికల్_ఫార్మా_కడప:
అంత మోతాదు ఎందుకో తెలిస్తే భయం పోతుంది. ఇరినోటెకాన్ ఒంట్లో ఎస్ఎన్-38గా మారి పనిచేస్తుంది. కాలేయం దానికి గ్లూక్యురోనిక్ ఆమ్లం తగిలించి, కోరలు పీకి, పిత్తంతో పేగులోకి వదిలేస్తుంది. అక్కడి బ్యాక్టీరియా ఎంజైము ఆ తొడుగు ఊడదీసి మళ్ళీ కోరలు మొలిపిస్తుంది! పేగు పొర లోపల్నించే కాలుతుంది. ఆ నీళ్ళ ఉధృతికి మామూలు మోతాదు ఆనదు. ఆ తొడుగు వేసే కాలేయపు ఎంజైము పుట్టుకతోనే తక్కువున్న వాళ్ళకు, అంటే అప్పుడప్పుడు కళ్ళు కాస్త పచ్చబడే గిల్బర్ట్ మనుషులకు, తాకిడి ఇంకా ఎక్కువ. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పించాల.

అయితే ఇదంతా 24 గంటలు దాటినాక వచ్చే మోషన్స్ కథ. మందు ఎక్కుతుండగానో, ఆదోని బస్సు దిగేలోపలో మొదలయ్యేది వేరు. చెమటలు, నోట్లో నీళ్ళూరడం, కళ్ళనీళ్ళు, కడుపులో మెలిపెట్టడం, అన్నీ ఒకేసారి. దానికి మందు అట్రోపిన్ ఇంజెక్షన్, 0.25 నుంచి 1 ఎంజీ. లోపెరమైడ్‌తో ఆగదు. కాబట్టి మీ మొదటి ప్రశ్న ‘ఎన్నిసార్లు’ కాదు, ‘మందు ఎక్కి ఎన్ని గంటలైంది’.

కాపెసిటబిన్ దారి వేరు. రోజూ పోయేదానికంటే నాలుగుసార్లు ఎక్కువైనా, రాత్రి లేచి పోవాల్సి వచ్చినా ముందు ఆ బిళ్ళే ఆపాల, డాక్టరుకు ఫోన్ చేయాల. లోపెరమైడ్ ఇచ్చి కాపెసిటబిన్ కొనసాగించడమే అందరూ చేసే పొరపాటు. ఆపిన డోసులు తర్వాత కలిపి మింగకూడదు. మొదటి కోర్సు మొదటి వారంలోనే విపరీతంగా మోషన్స్, నోటిపూత వస్తే ఈ మందును ఒంట్లో విరగ్గొట్టే డీపీడీ ఎంజైము లోపం ఉందేమో అనుమానించాల.

ఇంకోటి, వాంతులకిచ్చే ఓండాన్సెట్రాన్, ఎక్కువ లోపెరమైడ్ రెండూ గుండె లయ మీద పనిచేసేవే. మోషన్స్‌తో పొటాషియం పడిపోతే ముప్పు ఇంకా ఎక్కువ. వాంతులు లేనప్పుడు ఓండాన్సెట్రాన్ మింగుతున్నారేమో అడగండి.

ఆదోని_మందులషాపు:
ఇది బాగా అర్థమైంది సార్. మోషన్స్ అనగానే పేగుకు మంచిదని తాగే ఆ బ్యాక్టీరియా వయల్స్ (ప్రోబయోటిక్) కూడా అడుగుతారు. అవి?

క్లినికల్_ఫార్మా_కడప:
తెల్లకణాలు తక్కువున్నప్పుడు బతికున్న క్రిములను నోట్లో పోయడమే. డాక్టరు రాయనిదే ఇవ్వొద్దు.

పథ్యం_అనంతపురం:
తిండి మాట. సంగటి బలమే గానీ ఆ రెండు మూడు రోజులు రాగి, జొన్నరొట్టె, ఊరిబిండి, పచ్చిమిరపకాయ పక్కన పెట్టాల. తెల్లన్నం మెత్తగా, ఉప్పేసిన గంజి, అరటిపండు, బొరుగులు చాలు. పాలు వద్దు, పొర దెబ్బతిన్నప్పుడు పాలచక్కెర అరగదు.

ఓఆర్ఎస్ పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్ళలో, చిన్నది 200 మిల్లీలీటర్లలో. పెద్ద పొట్లం సగం గ్లాసులో వేస్తే ఉప్పు చిక్కనై మోషన్స్ పెరుగుతాయి. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాల. అట్టపెట్టెలో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్ఎస్ కాదు, చక్కెర నీళ్ళు. ఆక్సాలిప్లాటిన్ అనే ఇంకో కీమో మందు కూడా ఎక్కించుకునే వాళ్ళకు ఫ్రిజ్ నీళ్ళు ఇవ్వొద్దు, చల్లదనానికి గొంతు పట్టేస్తుంది. మే నెల ఎండలో అయినా సరే, కుండనీళ్ళు కూడా కొందరికి పడవు, గది వేడిమికి ఉంచి ఇవ్వాల.