అప్‌డేట్: వైబీసీఓ బిళ్ల రెసిస్టెన్స్ సున్నాకి వచ్చింది

పోయిన నెల అడిగింది నేనే. అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ప్రాజెక్టు. వైబీసీఓ అంటే యిట్రియం, బేరియం, రాగి, ఆక్సిజన్ కలిసిన సూపర్‌కండక్టర్, బాగా చల్లబరిస్తే దాని రెసిస్టెన్స్ సున్నా అవ్వాలి. ద్రవ నైట్రోజన్‌లో, అంటే 77 కెల్విన్ దగ్గర, మా వైబీసీఓ బిళ్ల రెసిస్టెన్స్ 1.6 ఓమ్‌ల కిందికి దిగడం లేదు, బిళ్ల పాడైందా అని అడిగాను.

బిళ్ల బాగానే ఉంది. నేను మల్టీమీటర్ రెండు తీగలతోనే కొలిచాను. ఆ 1.6 ఓమ్‌లు తీగలవి, అతుకులవి. మీలో ఇద్దరు చెప్పినట్టు సిల్వర్ పేస్ట్‌తో నాలుగు తీగలు అతికించి, బయటి రెండింటిలో కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజీ చూశాను. అయినా కొన్ని మైక్రోవోల్టులు మిగిలాయి. కరెంటు దిశ తిప్పినా ఆ వోల్టేజీ గుర్తు మారలేదు! తీగల్లో వేడి తేడా వల్ల పుట్టేది అదన్నమాట. రెండు రీడింగుల తేడాలో సగం తీస్తే సున్నా. ఆ రోజు ల్యాబ్‌లో అందరం చప్పట్లు కొట్టాం.

అసలు టెన్షన్ తర్వాత. చల్లబరిచేటప్పుడు రెసిస్టెన్స్ 97 కెల్విన్ దగ్గర పడిపోతోంది, వేడెక్కేటప్పుడు 86 దగ్గర తిరిగొస్తోంది. పుస్తకాల్లో ఉన్నది సుమారు 92. ఉష్ణోగ్రత కొలిచే పీటీ-100 సెన్సర్ బిళ్లకు దూరంగా ఉండి, దాని వేడిని ఆలస్యంగా అందుకోవడమే కారణం. రెండింటినీ ఒకే రాగి దిమ్మెకు గ్రీజుతో అంటించి, నైట్రోజన్ ఉపరితలానికి పైనే వేలాడదీసి, గంటన్నర పాటు కొంచెం కొంచెంగా దించాం. ఇప్పుడు 92, 91.

నైట్రోజన్ పశువుల వీర్యం నిల్వ చేసే చోట అడిగి తెచ్చుకున్నాం. మీరు తెచ్చుకుంటే మూత గట్టిగా బిగించకండి, ఆవిరైతే దాదాపు 700 రెట్లు పెరుగుతుంది.

బిళ్ల మీద అయస్కాంతం తేలడం సోమవారం చూస్తాం.