అప్‌డేట్: ఫ్రెంచి ప్రభువుల చెక్కుడు చిత్రాలు, ఎదురుగా కూర్చోబెట్టి గీసినవేనా?

17వ శతాబ్దపు ఫ్రాన్సులో రాగిరేకుపై చెక్కి అచ్చువేసిన ప్రభువుల చిత్రాలు మనిషిని చూసి గీసినవా, వర్ణచిత్రాలకు నకళ్లా అని అడిగాను. మీరు చెప్పినట్టే చిత్రం అడుగున ఉన్న సన్నని లాటిన్ అక్షరాలను ముందుగా చదివాను. చాలావరకు జవాబు అక్కడే దొరికింది. ఒక పేరు పక్కన 'పింక్సిట్' (వేశాడు), మరో పేరు పక్కన 'స్కల్ప్సిట్' (చెక్కాడు) ఉంటే వేసినవారు ఒకరు, చెక్కినవారు మరొకరు. చిత్రకారుడు రిగో వేసిన ఫ్రాన్సు రాజు 14వ లూయీ నిలువెత్తు చిత్రాన్ని ద్రెవే చెక్కిన తీరు అదే. 'అడ్ వివమ్' అని ఉంటే మనిషిని చూసి గీసినట్టు.

రోబేర్ నాంతోయ్ ఈ రెండో దారిలో సిద్ధహస్తుడు. 1658లో రాజాస్థాన చిత్రలేఖకుడిగా, చెక్కుడు కళాకారుడిగా నియమితుడైన ఆయన, ముందు పెన్సిలుతోనో పాస్టెల్‌ (రంగుసుద్ద)తోనో ముఖాన్ని గీసుకుని, తర్వాత ఉలి పట్టేవాడు. ఆయన చిత్రాన్ని పెద్దది చేసి చూస్తే, బుగ్గ మీద పొట్టి గీతలు క్రమంగా చుక్కలుగా సన్నగిల్లి కాగితపు తెలుపులో కలిసిపోతాయి, కవచం మీద మాత్రం గీతలు పొడవుగా, నిగనిగలాడుతూ సాగుతాయి. అడ్డగీతలను దాదాపు వదిలేసి, ఒకే వరుస గీతల లావు పెంచుతూ తగ్గిస్తూ నీడలు తెచ్చిన మరో చెక్కుడు కళాకారుడు క్లోద్ మెల్లాన్ నేర్పు అబ్బురమే గానీ, ముఖంలోని మనిషి నాకు నాంతోయ్ దగ్గరే కనిపించాడు.

అండాకారపు చట్రం, కింద వంశచిహ్నం అలంకారానికే అనుకోనక్కర్లేదు. పేరు చెరిగిన ప్రతుల్లో మనిషిని పోల్చుకోవడానికి ఆ చిహ్నమే ఆధారం.