పంచర్ మనమే వేసుకుందామా, షాపుదాకా నెట్టుకెళ్దామా?

రాజోలు రూటు:
నా పని మలికిపురం, సఖినేటిపల్లి వైపు రొయ్యల చెరువుల మీద. రాత్రిళ్ళు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయని ఫోనొస్తే బండేసుకుని పోవాలి. గట్ల మీద తుప్పు పట్టిన మేకులకి కరువు లేదు, ఆ టైములో పంచర్ షాపు ఒక్కటీ తెరిచి ఉండదు. ట్యూబ్‌లెస్ కిట్ ఒకటి కొని బండిలో పడేద్దామంటే మా బావ అడ్డం పడుతున్నాడు. "చేతకాని చేత్తో పొడిస్తే టైరు పోద్ది, పైగా షాపు వాళ్ళ పొట్ట కొట్టడం దేనికి" అంటాడు. మీరేమంటారండి?

కాలవగట్టు:
కొనెయ్ తమ్ముడూ, దీనికి బావ పర్మిషన్ దేనికి! కానీ మేకు కనబడగానే పీకెయ్యకు. అది లోపలున్నంతసేపూ చాలాసార్లు గాలి మెల్లగానే దిగుతుంది, మధ్యలో గాలి కొట్టుకుంటూ ఇల్లు చేరిపోవచ్చు. అక్కడే వేసుకోక తప్పదంటే, ముందు మేకు ఏ వాలులో దిగిందో చూసుకో. పీకాక కిట్‌లోని పళ్ళున్న సువ్వని అదే వాలులో తిప్పుతూ దించాలి. నీ ఇష్టమొచ్చినట్టు గుచ్చితే ఇంకో బొక్క పడుతుంది. బొక్క గరుకయ్యాక స్ట్రిప్‌ని, అంటే కిట్‌లో వచ్చే జిగట రబ్బరు పట్టీని, రెండో సూది బెజ్జంలో సగానికి ఎక్కించి, సొల్యూషన్ పూసి, రెండు చివర్లూ బయట కాస్త మిగిలేదాకా నెట్టు. అప్పుడు సూదిని ఒక్క ఊపున లాగెయ్. మెల్లగా లాగితే స్ట్రిప్ కూడా దానితోపాటే వచ్చేస్తుంది. గాలి కొట్టి ఉమ్ము రాసి చూడు, బుడగ రాకపోతే తోకలు కోసెయ్, మరీ టైరుకి అంటకోసి కాదు.

పాలకొల్లు పాతబండి:
ఇదంతా ట్యూబ్‌లెస్ కథ. ఇది చదివి ట్యూబు బళ్ళవాళ్ళు కూడా కిట్లు కొనేస్తారని నా భయం. నాది స్పోకుల చక్రం. పంచర్ పడిందంటే బ్రేకు రాడ్డు, యాక్సిలు విప్పి చక్రం దించాలి, టైరు అంచుని లివర్లతో లేపాలి. తిరిగి ఎక్కించేటప్పుడు లివరు కింద ట్యూబు నలిగిందా, కొత్త బొక్క! ప్యాచీ సంగతీ అంతే. ట్యూబుని గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, తడి ఆరి జిగురొచ్చేదాకా ఆగాలి. తడి మీదే అంటిస్తే లేచిపోతుంది. టైరు లోపల చుట్టూ గుడ్డతో తడిమి ముల్లు తీయకపోతే వీధి చివరికెళ్ళేలోపే మళ్ళీ దిగుతుంది. వానాకాలంలో నల్లమట్టి గట్టు మీద స్టాండే దిగబడిపోతుంటే ఇవన్నీ సెల్లు లైటు వెలుగులో చేస్తామా? నా ఓటు షాపుకే.

భీమవరం బైకరు:
ట్యూబ్‌లెస్‌కైనా బయటినుంచి పెట్టే స్ట్రిప్ తాత్కాలికమేనండి. టైరు విప్పి లోపలినుంచి పుట్టగొడుగు ఆకారం ప్లగ్గు వేయించడమే అసలు రిపేరు. విప్పితేనే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. గాలి లేకుండా నడిపిన టైరుకి లోపల పక్కగోడలు నలిగి రబ్బరు పొడి రాలుతుంది, బయటికి శుభ్రంగానే కనబడుతుంది. దానికి స్ట్రిప్ పెట్టి ఇద్దరు ఎక్కి 216 హైవే మీద ఎనభైలో పోతానంటే నేను ఒప్పుకోను. పక్కగోడకి గుచ్చుకున్నా, బొక్క 6 మిల్లీమీటర్లు దాటినా స్ట్రిప్ జోలికే పోవద్దు.

కాలవగట్టు:
పక్కగోడ, 6 మిల్లీమీటర్లు, రెండూ ఒప్పుకున్నా. మిగతాది కాదు. మన ఊళ్ళలో షాపుకెళ్ళినా ఎక్కువమంది పెట్టేది ఆ స్ట్రిప్పే కదా సార్! టైరు అరిగేదాకా దానితోనే తిరిగేవాళ్ళు ఎంతమంది లేరు?

భీమవరం బైకరు:
హెల్మెట్ లేకుండా తిరిగేవాళ్ళు కూడా బోలెడుమంది. షాపులో పెట్టినంత మాత్రాన స్ట్రిప్ శాశ్వతమైపోదు. రాత్రి పెట్టుకో, కాదనను. తెల్లారాక విప్పించి లోపల చూపించు.

రావులపాలెం సెంటర్:
మా నాన్నది పంచర్ షాపు. అందుకని ఆ పొట్ట కొట్టడం మాటకి జవాబు నాది. అర్ధరాత్రి చెరువు గట్టు మీద మీరు స్ట్రిప్ వేసుకుంటే మాకేం నష్టం? ఆ టైముకి మేం నిద్రలో ఉంటాం. మాకు తలనొప్పి లిక్విడ్ సీలెంట్, అంటే టైరు లోపల పోసే బొక్కలు మూసే జిగట మందు, పోయించుకొచ్చేవాళ్ళతో. టైరు విప్పగానే ఆ జిగటంతా రిమ్ముకీ చేతులకీ, అది కడిగితేగానీ ప్యాచీ అంటుకోదు. పోసినవాళ్ళు ముందే చెప్పరు కూడా! ఇంకోటి, సొల్యూషన్ ట్యూబు ఒకసారి మూత తీశాక నెమ్మదిగా ఎండిపోతుంది. అవసరం పడ్డ రోజున నొక్కితే ఏమీ రాదు. అప్పుడప్పుడూ చూసుకుంటూ ఉండండి.

రాజోలు రూటు:
మరి గాలికి? కాలి పంపా, కరెంటుదా?

కాలవగట్టు:
నేనైతే కాలి పంపే అంటా. ఛార్జింగ్ పంపు హాయే, కానీ ఛార్జింగ్ పెట్టడం గుర్తుండాలి. బండి బ్యాటరీకి తగిలించేదైతే ఇంజను ఆన్‌లో ఉంచి కొట్టు. ఎంత గాలి అన్నది చైన్ కవరు మీదో వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగార్మ్ మీదో స్టిక్కర్లో ఉంటుంది, చేత్తో నొక్కి చూసి సరిపెట్టకు.

పాలకొల్లు పాతబండి:
గోదావరి మీది చించినాడ వంతెన మీద పంచర్ పడితే మాత్రం అక్కడ కూర్చోకు బాబూ. ఆ లారీల మధ్య కిట్ తీసేకంటే దిండి వైపో మా వైపో దిగేదాకా నెట్టుకుపోవడమే మేలు. టైరు పోతే పోయింది.

రాజోలు రూటు:
కిట్టూ కాలి పంపూ ఆర్డరు పెట్టేశానండి. రావులపాలెం గారూ, పొడిచి నేర్చుకోవడానికి పాత ట్యూబ్‌లెస్ టైరు ఏదైనా ఉంటుందా?

రావులపాలెం సెంటర్:
గుట్టగా పడున్నాయి, ఆదివారం పొద్దున రండి. మీ బావగారిని కూడా తీసుకురండి.