వాల్వ్ పక్కన చిల్లుకి డివైసా, ఆపరేషనా?

గాజువాక నాన్న: మా పాపకి వీఎస్‌డీ. గుండె కింది గదుల మధ్య గోడకి చిల్లు, గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే దారిలోని అయోర్టిక్ వాల్వ్‌కి ఆనుకునే ఉంది. ఒక డాక్టరుగారు తొడ దగ్గర్నుంచి ట్యూబ్ పంపి చిల్లు మూసే డివైస్ పెట్టేద్దామన్నారు. ఇంకొకాయన, వాల్వ్ లీకైతే ఎలాగూ ఛాతీ తెరవాలి, ఇప్పుడే ఆపరేషన్ చేయించెయ్యండి అంటున్నారు. ఎవరి మాట వినాలి?

మర్రిపాలెం: ఆపరేషనే చేయించండి సార్. మా తమ్ముడి కొడుక్కి డివైస్ వేశారు. ఏడాది తిరక్కుండా ఎకోలో 'అయోర్టిక్ లీక్, మైల్డ్' అని రాశారు. అప్పట్నుంచి మా మరదలికి కంటి మీద కునుకు లేదు.

ఎంవీపీ అక్క: నాది పై గదుల చిల్లు, ఏఎస్‌డీ. డివైస్ వేశాక కుడివైపు గదుల మధ్య వాల్వ్, ట్రైకస్పిడ్ లీక్ ఉల్టా తగ్గింది.

ఎకో గది: అక్కా, మీది వేరే లెక్క. చిల్లు మూశాక కుడివైపు గుండెకి రక్తం బరువు తగ్గి అది చిన్నదవుతుంది, లీకూ తగ్గుతుంది. పాపది అలా కాదు. మర్రిపాలెం అన్నా, బాబు డివైస్‌కి ముందు ఎకో కాగితం తీయించారా? వాల్వ్ పక్కన చిల్లులోంచి రక్తం జోరుగా దూసుకుపోతుంటే వాల్వ్ రేకు అటు వాలి, మూయకపోయినా లీక్ మొదలవుతుంది. కొందరికి అది ముందునుంచే ఉంటుంది. డివైస్ అంచు రేకుకి రాసుకున్నా లీకొస్తుంది, కాదనను. అందుకే చిల్లుకీ వాల్వ్‌కీ మధ్య గోడ ఎంతుందో కొలుస్తారు. 2 మిల్లీమీటర్లు కూడా లేకపోతే చాలామంది మామూలు డివైస్ జోలికి పోరు. పెట్టేటప్పుడు కూడా డివైస్ కేబుల్‌కి మర బిగించే ఉంటుంది. ఎకోలో కొత్త లీక్ కనబడితే మర విప్పకుండా వెనక్కి లాగేస్తారు.

మర్రిపాలెం: అప్పుడు కనబడదు, తర్వాత వస్తుంది. మావాడికి జరిగింది అదే కదా! సర్జన్ అయితే కంటితో చూసి కుడతాడు.

ఎకో గది: తర్వాత రావచ్చు, నిజమే. అందుకే ఏళ్ళ తరబడి ఎకోలు. మైల్డ్‌గానే ఉండి పెరక్కపోతే చాలామందికి మందులు కూడా అక్కర్లేదు. ఆపరేషన్‌లోనూ హార్ట్ బ్లాక్, అంటే గుండె కొట్టుకునే సిగ్నల్ ఆగిపోయే భయం ఉంది, ఆ సిగ్నల్ మోసే కరెంటు తీగలాంటి పోగు చిల్లు అంచునే పోతుంది. డివైస్‌కీ ఆ భయం తప్పదు. నాన్నగారూ, గోడ ఉంటే నా ఓటు డివైస్‌కే. లేకపోతే మర్రిపాలెం అన్న మాటే.

గాజువాక నాన్న: రిపోర్టులో 'అయోర్టిక్ రిమ్', అంటే మీరన్న ఆ గోడ, ఎదురుగా ఏమీ రాయలేదండి.

ఎకో గది: అయితే ఆ కొలత రాయించాకే సంతకం పెట్టండి.