అప్‌డేట్: హెలికాప్టర్ పదం ఎక్కడ విరుగుతుందో తేలింది

హెలికాప్టర్‌ని హెలి, కాప్టర్ అని విడగొడితే ‘కాప్టర్’కి మూలం దొరకడం లేదని అడిగాను కదా, తేలిపోయింది. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

అదే ముక్క ఉన్న వేరే పదం వెతకమన్న సలహాతోనే ముడి వీడింది. టెరోడాక్టిల్ (ఎప్పుడో అంతరించిన ఎగిరే సరీసృపం) స్పెల్లింగ్ మొదట్లో పలకని ‘పి’ ఉంటుంది చూడండి, ఆ ‘ప్టెర్’ ముక్కే హెలికాప్టర్ చివర ఉన్నది. గ్రీకులో ప్టెరాన్ అంటే రెక్క. ముందున్నది హెలిక్స్, అంటే మెలి తిరిగిన ఆకారం. కాబట్టి విరుపు ‘హెలికో’ తర్వాత, ‘ప్టర్’ ముందు. 1861లో ఫ్రెంచ్‌లో ఈ పేరు కట్టింది గుస్తావ్ ద పోంటన్ డామెకూర్. మా లింగ్విస్టిక్స్ లెక్చరర్ కూడా ఇదే ఖాయం చేశారు.

సూర్యుడి పేరైన హీలియోస్‌తో దీనికి సంబంధం లేదు, ఆ దారి వదిలేయండి. హెలిప్యాడ్, హెలిపోర్ట్ కూడా ‘హెలి’ దగ్గర విరవాలనడానికి సాక్ష్యం కావు. జనం తప్పుగా విరిచాక పుట్టిన మాటలవి. క్వాడ్‌కాప్టర్ (నాలుగు రోటర్ల డ్రోన్) కూడా అంతే.